ఇప్పపూల రోజుల్లో పది గంటల బడి

మా బడి కమిటీ పెద్దమ్మ పోయింది. మొన్న పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, అమ్మ నిద్రలనే పోయింది, ఏం బాధపడలే" అని చెప్పింది. చలికాలమంతా ఖమ్మం దవాఖానాలో ఆమె ఊపిరి కోసం ఎంత అవస్థపడిందో చూసినదాన్ని. అమ్మయ్య, ఇంటికొచ్చి తన మంచం మీద కన్నుమూసింది కదా అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

పెద్దమ్మ అంటే నాకు చుట్టం కాదు. పర్ణశాల రోడ్డు మీంచి అడవిలోకి మళ్ళితే వచ్చే మా ఊళ్ళో ఆమెకు టీ హోటల్ ఉండేది. రెండు వేల తర్వాత తొలి ఏళ్ళలో బడి కమిటీకి ఛైర్మన్ కావాల్సి వస్తే తల్లులంతా ఆమెకే చేతులెత్తారు. నోరు పెద్దది, అక్కరకొస్తుందని. సాయంత్రం హోటల్ ముందు నుంచి వెళ్ళే పిల్లలందరినీ ఆపేది. "ఇయ్యాల సారు ఏం చెప్పిండే?" అనేది. "ఏం లేదు" అన్నామా, ఆ రోజుకి బజ్జీ లేనట్టే.

మా దగ్గర ఇప్పపువ్వు రాలే రోజులంటే ఇంటిల్లిపాదీ అడవిలోనే. ఎండబెట్టి సంతలో అమ్ముకునే పువ్వు, చీకటితోనే వెళ్ళి ఏరాలి. ఆలస్యమైతే పశువులు మిగల్చవు. సరిగ్గా అప్పుడే ఒంటిపూట బడులు. పిల్లలు పొద్దున్నే వచ్చి ఎండ ముదరకముందే ఇల్లు చేరాలని పైవాళ్ళ ఉద్దేశం, పట్నానికి బాగానే ఉంటుంది. మా బడిలో మాత్రం గంట కొట్టేసరికి సారు, బెంచీలు తప్ప ఇంకేం ఉండేవి కావు. ఆ ఏడు నేను ఏడో తరగతి. హాజరు లేనివాళ్ళను పరీక్షకు కూర్చోనివ్వనని పెద్దసారు తేల్చేశారు. పరీక్ష పోతే బడి మాన్పించి మిరపకాయ కోతకు పంపుతానని మా నాన్న.

పెద్దమ్మ కమిటీని బడి వరండాలో కూర్చోబెట్టింది.

"టైము మార్చడం నా చేతుల్లో లేదమ్మా" అన్నారు పెద్దసారు.

"మరి కమిటీ ఎందుకు పెట్టిండ్రు సార్? చాయ తాగి సంతకాలు పెట్టనీకేనా?"

"పది గంటలకు బడి పెడితే పిల్లలు ఎండకు సోలిపోతరు గదా వదినా" అని మా అమ్మే అడ్డుపడింది.

"సోలిపోయేది ఆకలికే, ఎండకు కాదు. చీకట్ల లేచినోళ్ళాయె! మధ్యాన్నం పెట్టే బడి అన్నమే రాంగనే పెడదాం, పాఠం తర్వాత. చల్లబడ్డంక ఇంటికి పంపుదాం."

పెద్దసారు దిగొచ్చారు. పైకి రాద్దాంలే, ఈలోపు మొదలుపెడదాం, మాట వస్తే పూచీ కమిటీదే అన్నారు. "నాదే" అంది పెద్దమ్మ.

పైనుంచి జవాబు రాలేదు, మండల విద్యాధికారి జీపే వచ్చింది. అదీ పొద్దున ఎనిమిదికి. బడికి తాళం! ఆయన మొహం కందగడ్డ అయింది. పెద్దమ్మ పొయ్యి మీది టీ దించి, "పిల్లలు యాడున్నరో చూపిస్త రండి సార్" అని ఆయన్ని ఇప్పచెట్ల కిందికి తీసుకొచ్చింది. నేను బుట్టతో సహా చెట్టు చాటుకి నక్కాను.

"ఏందే, దొంగతనం చేసినవా? ఇటు రా" అని నన్ను రెక్క పట్టుకుని లాగింది.

"పరీక్ష రాస్తావా?" అని ఆయన అడిగారు. తలూపాను.

పది గంటల గంటకి బడి నిండిపోయింది. ఆయన కూడా మా బంతిలోనే కూర్చుని తిన్నారు, మేం పాఠంలో పడేదాకా ఉన్నారు. వెళ్తూ పెద్దసారుతో, "పూల రోజుల్లో ఈ ఊరికి ఇదే టైము. పిల్లల్ని పరీక్షకు కూర్చోబెట్టండి" అన్నారు. హమ్మయ్య! ఆ రోజు కలిగిన తేలిక నాకు మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు. పరీక్ష రాశాను, గట్టెక్కాను. ఇప్పుడు మణుగూరులో నర్సుని. పెద్దమ్మా, నీ రుణం తీరేది కాదు.

ఆమెను సాగనంపిన రోజు కూడా పువ్వు రాలుతోంది. బడికి సెలవు ఇద్దామా అని ఇప్పటి పెద్దసారు అడిగితే వాళ్ళమ్మాయి ఒప్పుకోలేదు. "పిల్లలకు అన్నం ఎట్ల మరి? అమ్మ లేచొచ్చి తిడ్తది సార్" అంది.

పది దాటాక పెద్దమ్మ శవపెట్టెను బడి ముందు నుంచి తీసుకెళ్ళాం. వరండాలో తింటున్న పిల్లలు గబుక్కున లేచి, ఎంగిలి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. ఒక చిన్నపిల్ల మాత్రం లేవలేదు. తల కూడా ఎత్తకుండా, పప్పన్నం కలుపుకుని తింటూనే ఉంది.