లేవొద్దన్న మనిషి

కరోనా ఆంక్షలు ఎత్తేసిన కొత్తలో, ఒక శుక్రవారం సెలవు మధ్యాహ్నం, గల్ఫ్‌లో నేనుండే అల్ మన్సూరాలో ఇండస్ట్రియల్ ఏరియాకు వెళ్ళే బస్సెక్కాను. సీటు విడిచి సీటు కూర్చోవాలన్న నిబంధన అప్పటికి పోయింది. కిటికీ పక్కన కూర్చోబోతుంటే, నా వెనకే ఎక్కిన నడివయసు మనిషి ఆపాడు.

"తమ్మీ, నన్ను లోపలికి పోనియ్యి, నువ్వు ఇటు కూసో. మా లేబర్ క్యాంప్ కంటె ముందు ఒక స్టాప్ వస్తది. ఆడ దిగుతనని నేనే అన్నా సరే, నువ్వు లేవొద్దు."

ఎందుకని అడిగాను.

"ఆడ గోదాం ఎన్క పైసలు పెట్టి పత్తాలు, పేకాట ఆడే రూమ్ ఉన్నది. కరోనల తాళమేసిన్రు. ఆ నాలుగు నెలలే నేను ఇంటికి జీతం సాంతం పంపిన. పోయిన వారం మల్ల తెరిచిన్రు. ముందటి కంటె డబల్ మంది వస్తున్రట."

"సరే అన్నా, లేవను" అన్నాను.

ఆ స్టాప్ వచ్చింది. ముందు సీటు కడ్డీని రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. తలుపులు మూసుకోబోతుండగా లేచి నిలబడి, "జర జరుగు తమ్మీ" అన్నాడు మెత్తగా.

పెద్దవాడు నిలబడి దారి అడిగితే కూర్చుని ఉండడం నాకు చేతకాదు. లేచాను.

మెట్టు మీద ఆగి వెనక్కి చూశాడు.

"లేవొద్దంటి గద" అని దిగిపోయాడు.

అప్పటినుంచి బస్సులో కిటికీ పక్క సీటు దొరక్కపోతే నిలబడే వెళ్తున్నాను.