కుంకుమ మీద మోపిన నేరం

ఇన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నానని రాయబోయి ఆగాను. అది కూడా అబద్ధమే. నా తప్పును మోసింది భారతక్క. నేను మోసింది చప్పట్లు.

నారాయణగూడ హేతువాద సభల్లో మీరు ఆ కథ వినే ఉంటారు. దసరాకు యంత్రాలకు పూజ చేశారు, కుంకుమ లోహపు పొడిలో పడింది, సరుకంతా పాడైంది, మూఢనమ్మకం ఒక పరిశ్రమ నోట్లో మట్టి కొట్టింది. వినడానికి ఎంత బాగుందో చూడండి. చెప్పడానికి ఇంకా బాగుండేది. ఇక్కడ నా పేరు రాయడం లేదు. కథ విన్నవాళ్లు గుర్తుపడతారు. పట్టనివ్వండి.

అప్పుడు నేను ఇంజనీరును. ఒక చిన్న యూనిట్లో, హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌కు ప్లేట్లు తయారు చేసేవాళ్లం. ప్లేటుకు ఒకవైపు హైడ్రోజన్, మరోవైపు గాలి. అది కరెంటును పోనివ్వాలి, వాయువులను కలవనివ్వకూడదు. క్రోమియం పొడిలో కొంచెం ఇనుము కలిపి, అచ్చులో పోసి, ప్రెస్సుతో నొక్కి కొలిమిలో పెడతాం. కరిగించం. కరగకముందే రేణువులు ఒకదానినొకటి పట్టుకోవాలి. అందుకు ప్రతి రేణువు మీద ఉండే తుప్పులాంటి పొరను, కొలిమిలోకి వదిలే హైడ్రోజన్ తొలగించాలి. ఆ హైడ్రోజన్‌లో తేమ ఉంటే పొర పోదు, రేణువుల మధ్య సందులు మిగిలి ప్లేటు లీకవుతుంది. కాబట్టి దాన్ని తేమ పీల్చే గుళికలున్న డ్రయ్యర్ గుండా పంపుతాం. కొలిమి ముట్టించే ముందురోజు ఆ గుళికలను వేడి చేసి, అవి పీల్చిన తేమను పోగొట్టాలి. ఆ పని నాది.

భారతక్క నాతో సమానమైన ఇంజనీరు, వయసులో కొంచెం పెద్దది. ఆ దసరాకు ప్రెస్సుకూ కొలిమికీ ఆమే బొట్లు పెట్టింది. నేను ప్రసాదం వద్దంటే, కొబ్బరిముక్కకు ఏ మతం లేదు తిను తమ్మీ అని నవ్వింది. తిన్నాను కూడా.

సెలవులయ్యాక మొదటిసారి కొలిమి ముట్టించాలి. ముందురోజు సాయంత్రం చిక్కడపల్లిలో చర్చ. అంశం ఆయుధపూజ. బయట వాన, బస్సు దొరుకుతుందో లేదో. డ్రయ్యర్‌ను అలాగే వదిలేసి బయలుదేరాను. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఏమవుతుందిలే! ఏ శాస్త్రంలో ఉంది ఈ మాట? ఏ జ్యోతిష్కుడు చెప్పాడు నాకు? ఆ సాయంత్రం మైకు ముందు నిలబడి, యంత్రానికి కావలసింది పూజ కాదు శ్రద్ధ అన్నాను. హాలు మారుమోగింది.

మర్నాడు ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా కొలిమి ముట్టించాను. ప్లేట్లు చూడ్డానికి బాగానే వచ్చాయి. పరీక్షలో అన్నీ లీకయ్యాయి. కొన్నింటిని కోసి, నునుపు చేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎక్కడ చూసినా రేణువుల చుట్టూ ఆ పొర అలాగే ఉంది. కుంకుమ పడితే పడిన చోట మచ్చ ఉంటుంది, ప్రతి ప్లేటులో అంతటా ఇలా పరుచుకోదు. ఇది తేమ పని. చూసిన క్షణంలోనే తెలిసిపోయింది. అయినా వెతికాను. ఒక ప్లేటు అంచున ఏదో నల్లమచ్చ దొరికింది. సమీక్షలో ఆ మచ్చ ఫోటో ఒక్కటే చూపించి, అచ్చు పక్కనే కుంకుమ పెట్టారు అన్నాను. అంతే. మిగతాది వాళ్లే పూరించుకున్నారు. ఏటా ఆ పూజలో హారతి కళ్లకద్దుకునే యజమాని ఆ ఒక్కరోజు గొప్ప హేతువాది అయ్యాడు. భారతక్క ఉద్యోగం పోయింది.

తర్వాత చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల దగ్గర ఆమె నన్ను ఆపింది.

"దేవుడు లేడంటవు, అను తమ్మీ, నాకేం ఫికర్ లేదు. ఒక్కటి చెప్పు. మచ్చ ఒక్క ప్లేటుకేనా, అన్నిటికా?"

"నేను చూసింది ఒక్కదాంట్లనే అక్కా."

"లీకయినయి అన్ని గద? మిగిలినయి గూడ కోసి చూపియ్యి. మచ్చ ఉంటే తప్పు నాదే. నీ మీటింగుకొచ్చి మైకుల చెప్త."

ఆలస్యమవుతోంది, పోవాలి అన్నాను.

"పో. మేం చూడకుండ దేవుని నమ్ముతమని నవ్వుతవు. నిన్ను గూడ చూడకుండనే నమ్మాలెనా?"

ఆ మెట్ల మీద సాక్ష్యం అడిగింది బొట్టు పెట్టుకున్న మనిషి. దాచింది నేను. ఇంటికి వెళ్లి ఏం చేశాను? ఆ కుంకుమ కథనే వ్యాసంగా రాశాను. పెద్ద సత్యం కోసం ఒక చిన్న వివరం అటూ ఇటూ అయితే ఏమిటని, పూజ ఎలాగూ తప్పే కదా అని, ఆమె ఇంకో ఉద్యోగం చూసుకుంటుందిలే అని, ఎదుటివాళ్ల నోట వింటే చీల్చి చెండాడే వాదాలన్నీ నాకు నేను వినిపించుకుంటూ రాశాను. సిగ్గులేని రాత. కుంకుమ కొలిమిని కాపాడదని ఇప్పటికీ అంటాను. కుంకుమ కొలిమిని చెడగొట్టలేదని కూడా అదే నోటితో అనాలి కదా? నిజమైన మాటకు దొంగసాక్ష్యం తెచ్చినవాడు ఆ మాటకే శత్రువు.

ఆమెను మళ్లీ ఏ యూనిట్లోనూ తీసుకోలేదు. ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు సైన్సు చెబుతోంది. ఆ గల్లీ తప్పించి చుట్టూ తిరిగి పోతుంటాను. మొన్న ఆ క్లాసు అమ్మాయి ఒకతి టీకొట్టు దగ్గర పలకరించింది. నా వ్యాసం చదివి, కుంకుమ కథను మేడంకు చెప్పిందట. ఆ పూజ చేసిన ఇంజనీరు తానేనని మేడం చెప్పినట్టు లేదు. నన్నొక మాట అడగమని మాత్రం పంపిందట.

"మిగిలిన ప్లేట్లు కోసి చూసిండ్రా సార్?"

సభ ఉంది, పోవాలి అన్నాను. మళ్లీ అదే మాట.

క్షమించమని ఎవరినీ అడగను. అడిగితే దానికీ చప్పట్లు కోరుకుంటానేమోనని నా మీద నాకే అనుమానం. ఈ కాగితం ముందు ఆ అమ్మాయి చేతికే ఇస్తాను. క్లాసులో అందరికీ వినపడేలా చదవమంటాను. భారతక్క అడిగినదానికి జవాబు ఇదీ.

కోసి చూశాను. కోసినవాటన్నింటిలోనూ తేమ పనే. డ్రయ్యర్‌ను నేను వేడి చేయలేదు.