మంచం కాళ్ళవైపు చెక్క

బందరు ఆస్పత్రిలో పనిచేసిన పెద్ద నర్సమ్మగారు పోయారు. గురువారం పొద్దున స్కూలుకు బయల్దేరుతుంటే, చిలకలపూడి నుంచి ఆవిడ మేనకోడలు పంపిన మనిషి గుడివాడ వచ్చి చెప్పాడు. నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. శనివారం వడ్రంగిని వెంటబెట్టుకుని వస్తానని ఆవిడకు మాటిచ్చి ఉన్నాను.

నా పదో ఏట గడ్డివామి మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాను. నాన్న పాసింజరు బండిలో బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఎముక అతికింది, కట్టు విప్పారు. నేను మాత్రం మంచం దిగనని మొండికేశాను. నర్సమ్మగారి చెప్పుల చప్పుడు వినబడితే చాలు, వార్డులో పిల్లలందరం దుప్పట్లో దూరేవాళ్ళం. ఆవిడ దుప్పటి లాగేసి, "లెగవే, ఈ మంచం నిన్ను తినేస్తుంది" అనేవారు. ఆవిడ రాక్షసి అని అమ్మకు చెప్పాను.

ఒకరోజు నిలువునా కోసిన ఎద్దు ఎముక తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. లోపల సన్నని పుల్లలు అల్లినట్టు గళ్ళున్నాయి.

"చూశావా, బరువు ఏ దారిన దిగుద్దో ఆ దారినే వాసాలేసుకుంది. ఈ గోడల్లో కంటికి కనబడని కణాలుంటాయి. నువ్వు అడుగేస్తే వాటికి తెలుస్తుంది, కట్టుకుంటా ఉంటాయి. పడుకున్నావనుకో, ఈ మనిషికి ఇంక ఇల్లెందుకని ఉన్నది ఊడబీకేస్తాయి."

"వాటికెలా తెలుస్తుందండీ?"

"డాక్టరు గారినడిగాను. ఆయనకీ తెలీదంట."

ఆ రోజంతా నా తొడలో ఎవరో కూర్చుని వింటున్నట్టే ఉంది. సాయంత్రానికి నేనే కాళ్ళు కింద పెట్టాను. ఈనాడు రోజంతా నిలబడి పాఠం చెబుతున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్షే.

నిజంగా లేవలేని వాళ్ళకు మంచం కాళ్ళవైపు ఒక చెక్క కట్టించి, అరికాళ్ళతో తన్నమనేవారు. "నేల దగ్గరికి నువ్వెళ్ళలేకపోతే నేలే నీ దగ్గరికొచ్చిందనుకో" అనేవారు.

ఉద్యోగం మానాక ఆవిడ చిలకలపూడిలో మేనకోడలింట్లో ఉన్నారు. పోయిన వానాకాలం వాకిట్లో జారిపడ్డారు. ఏమీ విరగలేదు. మేనకోడలు మంచి పిల్ల; అప్పట్నుంచీ ఆవిణ్ణి మంచం దిగనివ్వలేదు, మంచినీళ్ళ చెంబు కూడా ఎత్తనివ్వలేదు. నేను వెళ్ళినప్పుడల్లా, "ఏం టీచరమ్మా, నన్ను లేవదియ్యవూ?" అని అడిగేవారు. వార్డంతా గడగడలాడించిన మనిషి నన్ను బతిమాలడం చూడలేకపోయేదాన్ని. అయినా మళ్ళీ పడతారేమోనన్న భయంతో, "పై వారం చూద్దాం లెండి" అనేసేదాన్ని. పోనీ చెక్కయినా కట్టమన్నారు. మంచానికి మేకులు కొడితే పాడవదూ అని మేనకోడలు నవ్వింది. నేనూ నవ్వాను. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

పోయిన శనివారం దుప్పటి మారుద్దామని ఇద్దరం ఆవిణ్ణి మెల్లగా పక్కకు తిప్పాం. పడలేదు, దెబ్బా తగల్లేదు. ఆవిడ తొడలో ఎండుపుల్ల విరిగిన చప్పుడు వినబడింది, అంతే. మాకంటే ముందు ఆవిడకే అర్థమైంది.

"ఊడబీకేశాయే," అన్నారు మామూలుగా. విరగని కాలు చూపించి, "ఆ చెక్క కట్టించవే, రెండో కాలైనా తన్నుకుంటాను" అన్నారు. మాటిచ్చింది అప్పుడే.

శుక్రవారం సమాధి కార్యక్రమానికి వెళ్ళాను. శవపెట్టె ఆవిడ పొడుగుకు కొంచెం చాల్లేదు. మూత వేసేముందు పాదాల మీద గుడ్డ సర్దబోయి చూశాను. రెండు అరికాళ్ళూ పెట్టె కాళ్ళవైపు చెక్కకు గట్టిగా ఆని ఉన్నాయి.