ఇరవై మూడు గులాబీలకు దుప్పట్లు

ఆ రోజుల్లో నాకు ఒంటికి తెలిసేదాని కంటే కాగితం మీది అంకె మీదే నమ్మకం ఎక్కువ. (ఇప్పుడు తగ్గిందని చెప్పను.) ఏడో తరగతి దాకా లెక్కల్లో నేనే ఫస్టు. ఆ ధీమాతోనే ఇరవై రెండేళ్లకు కాకినాడ నుంచి బహ్రెయిన్ వచ్చి, అవాలిలో ఒక దొరసాని ఇంట్లో పనికి కుదిరాను. ఆవిడ ప్రాణమంతా పెరట్లోని ఇరవై మూడు గులాబీ కుండీల మీదే. నాకు ముందున్న పనిమనిషి మూడింటిని ఎండబెట్టి ఉద్యోగం పోగొట్టుకుందట.

ఆ జనవరిలో తల్లికి బాగాలేదని కబురొచ్చి దొరసాని హడావిడిగా స్వదేశం బయల్దేరింది. "చలి పెరిగితే మొక్కలకు ఏదైనా కప్పు" అంది, మా ఇద్దరికీ వచ్చీరాని హిందీలో. "ఎన్ని డిగ్రీలకు మేడమ్?" అన్నాను. కారెక్కుతూ "ఐదు" అంది.

రోజూ సాయంత్రం ఆరింటికి ఆవిడ రేడియోలో వాతావరణం వినేది. నేనూ అదే స్టేషను పెట్టాను. ఇంగ్లీషులో నాకు తెలిసినవి అంకెలే. మొదటి రోజు రెండు. మర్నాడు సున్నా. మూడో రోజు మైనస్ మూడు! నోటుబుక్కులో రాసుకుని, ఇంట్లోని దుప్పట్లన్నీ, చివరికి నాదీ, గులాబీలకు చుట్టేశాను. అంకె ఐదు దాటలేదు కనుక పగలు కూడా విప్పలేదు.

పక్కింటి తోటమాలి, నిజామాబాద్ అన్న, గోడ మీంచి చూశాడు.

"ఏంది చెల్లె, పూలకు జెరమొచ్చిందా?"

"మైనస్ మూడన్నా! మంచు పడుద్ది."

"నాకు చెమట్లు వడ్తున్నయ్. దుబాయిల మంచు యాడ వడ్తది?"

"ఇది దుబాయి కాదు, బహ్రెయిన్. ముందు నువ్వే ఊళ్లో ఉన్నావో తెలుసుకో" అన్నాను, నుదురు తుడుచుకుంటూనే.

పద్దెనిమిదో రోజున దొరసాని తిరిగొచ్చింది. దుప్పట్లు విప్పితే ఆకులన్నీ పండిపోయి ఉన్నాయి. తొమ్మిది మొక్కలు చచ్చిపోయాయి. ఉద్యోగం పోయినట్టేననుకుని, నా తప్పు లేదని చూపడానికి నోటుబుక్కు చేతికిచ్చాను. ఆవిడ ఒక్కో పేజీ తిప్పింది. "ఇది ఇక్కడి చలి కాదు. మా ఊరిది" అంది. రోజూ ఆవిడ వినేది తల్లి ఉన్న ఊరి వాతావరణమట.

పదకొండో రోజు దగ్గర ఆవిడ వేలు ఆగింది. మైనస్ నాలుగు. "ఆ రోజే అమ్మను సమాధి చేశాం. ఇంత చలా? నాకు తెలియనే లేదు."

గులాబీల మాట ఎత్తలేదు. నోటుబుక్కు లోపలికి తీసుకుపోయింది. మర్నాడు నా దుప్పటి ఉతికి, మడిచి తనే తెచ్చిచ్చింది. ఆ ఇంట్లో పదకొండేళ్లు పనిచేశాను.

ఇప్పుడు బహ్రెయిన్‌లోనే, సల్మానియాలో, నర్సు ఉద్యోగం చేసే మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. బాల్కనీలో ఒకటే గులాబీ. నిన్న సాయంత్రం ఫోను పన్నెండు డిగ్రీలు చూపించింది. ఏ ఊరిదో రెండుసార్లు సరిచూసుకున్నాను. దాని కిందే దొరసాని ఊరు కూడా పెట్టించుకున్నాను. అక్కడ మైనస్ రెండు. రెండూ రాసుకుని, అవసరం లేదని తెలిసీ, దుప్పటి తీసుకుని బాల్కనీలోకి వెళ్లాను.