మా ఇంటి గోడ మీది మంత్రివర్గం

కాపురానికి వచ్చిన మొదటి రోజున నేను మా అత్తగారింటి గోడకు దండం పెట్టాను. గోడ మీద పెద్ద కాగితం, దాని నిండా ఉర్దూ రాత, నాలుగు మూలలా పసుపు బొట్లు. ఏదో దేవుడి యంత్రం అనుకున్నాను. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అయ్యో బిడ్డా, గది దేవుడు కాదు, హైదరాబాదు మంత్రివర్గం!"

మా ఆయన రాజురా తాసీల్ కచేరీ ముందు చాప పరుచుకుని అర్జీలు రాసేవాడు. చదివింది నిజాం కాలపు ఉర్దూ బడి. ఏ మంత్రి చేతిలో ఏ శాఖ ఉందో ఆ కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. దసరాకు కలం, సిరాబుడ్డితో పాటు దానికీ పూజ చేసేవాళ్లు, అదీ పనిముట్టే కదా మరి. ఏ అర్జీ రాసినా పైన మంత్రులందరి పేర్లూ బిరుదులతో సహా ఉండాల్సిందే. ఎవరి ఎద్దో తప్పిపోయిందని రాసినా విద్యామంత్రిగారికి సలాము తప్పదు.

"ఎద్దుకు చదువుల మంత్రి ఏం చేస్తడయ్యా?" అని అడిగాను ఒకసారి.

"నీకేం ఎరుక? రేపు శాఖలు మారుతయి. గాయన చేతిలనే మన కాయితం పడ్తది. అప్పుడు నన్ను మరిచిండ్రని మూల పడేస్తే?"

నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయాను.

నేను నది అవతలి దాన్ని. మా నాన్న తెలంగాణ నుంచి బొగ్గుగని పనికి వచ్చి బామ్నిలో ఉండిపోయాడు. వార్ధా నదికి ఇవతల రాజురా హైదరాబాదు రాష్ట్రం. అవతల మా బామ్నికి రాజధాని నాగపూరు. నేను మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. మా పంతులు నాగపూరు మంత్రుల పేర్లు ఎక్కాల్లాగా వల్లె వేయించాడు. ఆ పేర్లు నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చేవి. ఇంక చూడండి, అన్నం ముందర మా ఇంట్లో రెండు మంత్రివర్గాలూ కొట్టుకునేవి.

"మీ గడ్డ మెంబరు అసెంబ్లీల ఎన్నడన్న నోరు తెరిచిండా?" అనేవాడు ఆయన.

"మీ గడ్డ మెంబరు ఎన్నడన్న మూసిండా?" అనేదాన్ని నేను.

అత్త ఇద్దరినీ తిట్టి పప్పు వడ్డించేది. సంతోషంగానే ఉన్నాం, అబద్ధమెందుకు.

అంతలో రాష్ట్రాలను భాషల ప్రకారం కొత్తగా గీసిన ఏడాది వచ్చింది. రాజురా, బామ్ని రెండూ బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. మా మెంబరు హైదరాబాదు కుర్చీ, మా పుట్టింటి మెంబరు నాగపూరు కుర్చీ వదిలేసి, మిగిలిన గడువుకు ఇద్దరూ బొంబాయి అసెంబ్లీలో కూర్చున్నారు. "ఇప్పుడు వాళ్లూ వియ్యంకులైండ్రు పో," అంది మా అత్త.

గోడ మీది కాగితం మాత్రం మారలేదు. పక్క ఊరి పటేలు తమ ఊరికి బావి కావాలని వస్తే, మా ఆయన పాత పద్ధతిలోనే ఉర్దూలో రాసి, పాత మంత్రులందరికీ సలాములు పెట్టి, హైదరాబాదుకే పంపాడు.

"రాష్ట్రం మారింది గానీ మంత్రులు గాడనే ఉన్నరు గదా? ఇన్నేండ్ల ఎరుక. కాదంటరా?" అన్నాడు నాతో.

కాదన్నారు. మీ ఊరు మా రాష్ట్రంలో లేదని రాసి అర్జీ తిప్పి పంపారు. కచేరీ గుమస్తా ఒకడు దాన్ని వరండాలో నిలబడి అందరూ వినేలా చదివాడట. పటేలు మా గుమ్మంలోకి వచ్చి, "ఎండకాలం నెత్తి మీదికొచ్చింది. నీ సలాములు తాగుమంటవా మా ఆడోళ్లను?" అని కేకలేసి పోయాడు.

ఆ తర్వాత చాప దగ్గరికి మనిషి రాలేదు. కచేరీలో అంతా మరాఠీ అయింది. ఆయన పొద్దున పోయి సాయంత్రం సిరాబుడ్డి నిండుగానే తెచ్చేవాడు. ఒకరోజు చాప చుట్టి అటక మీద పెట్టి, "మాజ్రి బొగ్గుగనిల మనుషులను తీసుకుంటున్నరంట. పోత," అన్నాడు.

గని అంటే ఏమిటో నాకు తెలుసు. మా నాన్న దగ్గు వింటూ పెరిగినదాన్ని. ఈయన చేతులు కలం పట్టడానికి తప్ప తట్ట మోయడానికి పుట్టలేదు. ఏం చేసైనా ఆ చాపను అటక మీది నుంచి దింపాలి, ఇంకేం వద్దు నాకు.

ఆ వారంలోనే మా మెంబరు రాజురా వచ్చాడు. ఎల్లుండి బొంబాయి బండి ఎక్కుతున్నానని, బావి అర్జీ రేపు పొద్దుటికల్లా మరాఠీలో ఇస్తే తానే మంత్రికి ఇస్తానని పటేలుతో చెప్పాడు. పటేలు వేరే దిక్కు లేక మా ఇంటికే వచ్చాడు. మా ఆయన తల దించుకుని, "నాకు మరాఠీ మాట్లాడొస్తది, రాయరాదు," అన్నాడు.

"నాకొస్తది," అన్నాను నేను తలుపు చాటు నుంచి.

పటేలు పోయాక యుద్ధం మొదలైంది.

"నాల్గో తరగతి చదువుతోని మంత్రికి రాస్తవా?"

"నీ పెద్ద చదువుతోని రాస్తే తిరిగొచ్చింది గదా!"

ఆ మాట అనకూడదు. అనేశాను. ఆయన కాసేపు గోడ వైపు చూసి, కాగితమూ కలమూ తెచ్చి నా ముందు పెట్టాడు. ఆయన చెప్పాడు, నేను రాశాను. ముందు బొంబాయి మంత్రులందరికీ పేరుపేరునా దండాలు చెప్పమన్నాడు. నేను బావి సంగతి చూసే మంత్రికి ఒక్కడికే నమస్కారం పెట్టాను. ఆయన కంగారుపడ్డాడు. "మిగిలినోళ్లు ఏమనుకుంటరే?" "ఏం అనుకోరు. నీళ్లు అడుగుతున్నం, పెండ్లికి పిలుస్తలేము," అన్నాను. కానీ ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఆడవాళ్లు ఎంత దూరం నడుస్తారు, పాత బావి ఏ నెలలో ఎండుతుంది అని ఆయన మొదటి అర్జీ నాడే ఒక్కొక్కటే పటేలును అడిగి పెట్టుకున్నాడు చూశారూ, అవి నాకు తోచేవి కావు. అర్జీకి ప్రాణం అక్కడుంది.

అర్జీ చివర రాసినవాడి సంతకం ఉండాలి, అది కచేరీ రివాజు. ఆయన కలం తీసుకుని ఉర్దూలో తన సంతకం పెట్టాడు. నా వైపు చూడలేదు. నాకు ఒళ్లు మండింది. అయినా చాప దిగితే చాలనుకున్నాను.

బావి మంజూరైంది. వానాకాలం ముందర పటేలు కొత్త బావి నీళ్లు ఇత్తడి చెంబులో తెచ్చి మా గడపలో పెట్టాడు. మర్నాటి నుంచి చాప దగ్గర మళ్లీ జనం. ఆయన అందరి కష్టాలూ వివరంగా అడిగి గుర్తు పెట్టుకుని వచ్చేవాడు, నేను పొయ్యి పక్కన కూర్చుని రాసేదాన్ని, సంతకం ఆయనది. గోడ మీద ఉర్దూ కాగితం పోయి, నా చేతిరాతతో బొంబాయి మంత్రివర్గం వచ్చింది. అత్త దానికీ పసుపు పెట్టింది.

ఆ పేర్లు చూసి రాస్తూ ఆయన మరాఠీ అక్షరాలు నేర్చుకోసాగాడు. నేను పంతులమ్మనయ్యాను. వంకర పోతే వేళ్ల మీద గరిటెతో తట్టేదాన్ని కూడా.

ఒకరోజు మధ్యాహ్నం ఎవరిదో భూమి అర్జీ పూర్తి చేసి రొట్టెలు కాల్చడానికి లేచాను. తిరిగొచ్చి చూస్తే, సంతకం ఉండాల్సిన చోట లావుపాటి మరాఠీ అక్షరాలు, కొండ ఎక్కుతున్నట్టు పైకి పోయాయి. "రాసింది నా భార్య."

నా కళ్లు నిండాయి. నిండితే మాత్రం ఊరుకుంటానా?

"ఏందయ్యా ఇది! ఎవరి భార్యో కచేరోళ్లకు ఏం ఎరుక? కాయితం ఖరాబు చేస్తివి. మళ్ల మొదటి నుంచి రాయాలె!"

"రాయి," అన్నాడు, నా పిండి చేతుల వైపు చూస్తూ. "గా ఆఖరి వరుస మాత్రం నేనే రాస్త. నీ పేరు ఎట్ల రాయాలెనో చూపియ్యి."

చేతులు కడుక్కుని వచ్చి, పలక మీద నా పేరు రాసి చూపించాను.