పెద్ద పురుగులు ఏమైపోతున్నాయని

ఫరంపేటలో మా పెరట్లో రెండు ప్లాస్టిక్ తొట్టెల నిండా పురుగులుంటాయి. నల్ల ఈగల పిల్లలు. కూరగాయల తొక్కులు, చేపలు కడిగిన చెత్త వాటికి తిండి. అవి మా నాటుకోళ్ళకు తిండి. కొన్న దాణా మీద నాకు నమ్మకం లేదు, అందుకే కోడలు ఈ పెంపకం మొదలుపెడతానంటే ఒప్పుకున్నాను.

మొన్న వానాకాలంలో ఒక తొట్టెలోవి ఎదగలేదు. పక్క తొట్టెలోవి చిటికెన వేలిలో సగమైతే, ఇవి బియ్యపు గింజ దాటలేదు. తిండి ఒకటే, నీడ ఒకటే. పెద్దవాటిని ఎవరో ఏరుకుపోతున్నారు, చిన్నవే మిగులుతున్నాయి అనుకున్నాను. రెండు తొట్టెల్లోనూ చెయ్యి పెడితే దొరికిపోతారు కాబట్టి ఒకదాంట్లోనే. కోడలి పుట్టిల్లు మెట్టకూరు. అక్కడ వాళ్ళమ్మకూ కోళ్ళున్నాయి. ఆదివారం ఆదివారం కోడలు క్యారేజీతో వెళ్తుంది.

ఆ ఆదివారం గేటు దగ్గర ఆపాను.

"ఆగమ్మాయ్. మూత తియ్యి."

తీసింది. చేపల పులుసు.

"పురుగుల వేపుడనుకున్నారాండీ?"

"అడుగు గిన్నె?"

అన్నం. కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దొంగని చేసేశారు కదండీ. ఇంక ఆ తొట్టెల జోలికి రాను. మా అమ్మకి కూడా చెప్పేత్తాను" అని వెళ్ళిపోయింది.

డిగ్రీ చదివే మనవరాలు ఇదంతా విని, తొట్టెలో పుల్లతో కెలికింది.

"మామ్మా, దీంట్లో ఏం కలిపావ్?"

"తొక్కులే."

"ఇంకా?"

అప్పుడు గుర్తొచ్చింది. నా దగ్గుకు డాక్టరు గొట్టం మాత్రలిచ్చాడు. మూడో రోజుకే తగ్గింది. మిగిలినవి పారేయడమెందుకని విప్పి, లోపలి పొడి తొట్టెలో కలిపాను. నాకు పనిచేసిన మందు వాటికీ బలమే అనుకున్నాను. రెండింటికీ చాలవని ఒకదాంట్లోనే వేశాను.

మనవరాలు తల పట్టుకుంది. "అది సూక్ష్మజీవుల్ని చంపే మందు మామ్మా! పురుగు పొట్టలో మంచివి ఉంటాయి. తిన్నది అరిగించి ఒంటికి పట్టించేది అవే. వాటిని చంపేశావ్. ఇంక ఎలా పెరుగుతాయి?"

నేను నమ్మలేదు. నాది నాలుగో తరగతి. పుస్తకం చూసి చెప్పే మాటంటే నాకు అనుమానమే. తను మందు కలిసిన చెత్త తీసేసి, కొత్తది పోసి, మంచి తొట్టెలోంచి గుప్పెడు కుళ్ళు తెచ్చి కలిపింది. "పాలకి తోడేసినట్టు. చూడు" అంది.

పొద్దున్నా సాయంత్రం వెళ్ళి చూశాను. నేను చూడనప్పుడు తనేమైనా పెద్దవాటిని తెచ్చి వేస్తోందేమోనని తొట్టె మీద వల కట్టి, నా ముడి నేనే వేశాను. ముడి కదలలేదు. పురుగులు మాత్రం వారానికి లావెక్కాయి. ఆ వారమంతా కోడలు నాతో అవసరమైతే తప్ప మాట్లాడలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. కోడలు చెప్పులేసుకుంటుంటే, "మీ అమ్మకి ఫోన్ కలుపు" అన్నాను. అనుమానంగా నా వైపు చూసి కలిపింది.

"వదినగారూ, మీ అమ్మాయి మా పెరట్లోంచి ఏమీ తేలేదండి. మాత్రలు కలిపి పాడు చేసింది నేనే."

అవతలి నుంచి, "ఈసారి డాక్టరిచ్చినవన్నీ మీరే మింగేయండి వదినగారూ" అంది.

ఆవిడ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. కోడలు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చెప్పులు విప్పేసి, తొట్టెల వైపు వెళ్ళింది.