మా ఆయన మంత్రి, నా చేతిలో పళ్ళెం

పోయిన ఆదివారం నుంచి నేను కూరగాయలకి బజారు వెళ్ళడం మానేశానండి. మా ఆయనే తెస్తున్నాడు. అన్నీ ముదిరిన బెండకాయలే తెస్తున్నాడు, అయినా నేను కిక్కురుమనడం లేదు. ఏం చెయ్యను మరి, తిరువూరులో ఇప్పుడు నన్ను చూసినవాళ్ళు ఊరుకోవడం లేదు. ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు. తర్వాత చేతిలో ఏది ఉంటే దాన్ని టపటపా కొట్టి చూపిస్తారు. టీ కొట్టాయన గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. అసలేం జరిగిందో నేనే చెప్పేస్తాను, వినండి. వేరేవాళ్ళు చెబితే ఇంకా కలుపుతారు.

నా సంగతి మీకు తెలుసుగా. బస్సులో నేను దిగాల్సిన చోటు దాటిపోయినా కండక్టరుకి చెప్పలేక, తర్వాత స్టాపు దాకా పోయి, అక్కణ్ణుంచి నడిచొచ్చే మనిషిని. ఐదో తరగతిలో పద్యం అప్పజెప్పమంటే ఏడ్చాను, అంతటితో చదువు ఆగిపోయింది. మా ఆయన దానికి పూర్తిగా రివర్సు. విస్సన్నపేట షేర్ ఆటో తోలతాడు. బస్టాండు దగ్గర నిలబడి ఆయన 'విస్సన్నపేట, విస్సన్నపేట' అని కేకేస్తే రోడ్డుకి అవతల పడుకున్న కుక్కలు కూడా లేచి చూస్తాయి. అంత గొంతు. నాటకాల పిచ్చి. పెళ్ళయిన కొత్తలో ఊరూరా తిరిగి వేషాలు కట్టేవాడు.

మరి ఎందుకు మానేశాడంటే, ఓసారి ఏదో ఊళ్ళో తిరునాళ్ళలో పద్యం మధ్యలో మర్చిపోయాడు. జనం గోల చేశారు. ఈలలు, చప్పట్లు, దిగిపో దిగిపో అని కేకలు. మైకు ఎవరో ఆపేశారు కూడా. నేను ముందు వరసలోనే కూర్చున్నాను. ముఖాన రంగు కడుక్కోకుండా అలాగే ఇంటికొచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని, ఇంకోసారి జనం అలా గోల చేస్తే నేను బతకనే అన్నాడు. మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ఆటోలో మాత్రం పాసింజర్లకి పద్యాలు వినిపిస్తుంటాడు. వాళ్ళు దిగలేరు కాబట్టి వింటారు.

ఆ మధ్య ఒకాయన ఆ ఆటో ఎక్కాడు. తెల్ల గడ్డం, నెత్తిన చిన్న గుండ్రటి టోపీ. దానియేలు గారట. సముద్రం వైపు ఊళ్ళలో కొన్ని యూదుల కుటుంబాలు ఉన్నాయట, వాళ్ళంతా కలిసి నాటక సమాజం పెట్టుకున్నారట, దానికి ఈయన పెద్ద. మా ఆయన వచ్చి చెబితే నేను నమ్మలేదు. యూదులంటే ఎక్కడో దూరదేశంలో ఉంటారు కదా అనుకున్నాను. మా పక్కింటి మార్తమ్మ చర్చికి వెళ్ళే మనిషి, ఆవిడకి తెలుసు. వాళ్ళూ మనలాగే తెలుగువాళ్ళే నాగమణీ, కాకపోతే శనివారం పొయ్యి ముట్టించరు అని చెప్పింది. శనివారం పొయ్యి ముట్టించకపోతే ఆడవాళ్ళకి ఎంత హాయి అని ఆ రోజంతా మేం అదే మాట్లాడుకున్నాం.

ఇంతకీ దానియేలు గారు ఆటోలో మా ఆయన గొంతు విన్నాడు. వాళ్ళ సమాజంలో మంత్రి వేషం వేసే మనిషికి కామెర్లు వచ్చి మంచం పట్టాడట. ఈ వేసవి నుంచి వాళ్ళు వేయబోయే నాటకాలు నాలుగు. ఒకటి తన జాతిని కాపాడుకున్న రాణి కథ. ఇంకోటి అత్తాకోడళ్ళది. మూడోది ఓ పెద్ద చేప మింగి మళ్ళీ ఒడ్డున కక్కేసిన మనిషి కథ. నాలుగోది వాళ్ళే కొత్తగా రాసుకున్నది, ఓ పిసినారి దర్జీ మీద, మంచి నవ్వులాటట. వీటన్నిట్లోంచి ఒక్కో ముక్క మన తిరువూరు కళ్యాణమండపంలో ముందుగా ఆడి చూపిస్తారు. చుట్టుపక్కల ఊళ్ళ కమిటీల వాళ్ళు వచ్చి చూసి, నచ్చితే మా ఊరు రండి అని పిలుస్తారు. రాణి కథలో దుర్మార్గపు మంత్రి వేషం మా ఆయనకి ఇచ్చారు. ఆ సాయంత్రం బాగా వేస్తే మిగిలిన నాటకాల్లో కూడా తీసుకుంటారు. తేడా వస్తే లేదు.

మా ఆయన మనిషే మారిపోయాడండి. మీసానికి నూనె రాయడం, జుట్టుకి రంగేయడం. ఆటోలో పద్యాలు పోయి మంత్రి డైలాగులొచ్చాయి. ఓ రోజు పెనుగొలను ముసలమ్మ ఎవరో, మీ రాజుతో గొడవ పెట్టుకోకు బాబూ, ఉద్యోగం పోతుంది అని బుద్ధి చెప్పి దిగిందట. రాత్రి నిద్రలో కూడా ఎవరికో శిక్షలు వేసేవాడు.

కానీ నన్ను మాత్రం రావద్దన్నాడు.

"నువ్వు ఎదురుగా ఉంటే నాకు ఆ రోజే గుర్తొస్తుంది నాగమణీ. నోరు పెగలదు. నువ్వు ఇంట్లోనే ఉండు" అన్నాడు.

సరే అన్నాను. ఆదివారం సాయంత్రం ఆయన వెళ్ళాక పప్పు కడిగాను. మళ్ళీ కడిగాను. అన్నం వార్చాను. మనసు నిలవలేదు. వెనకాల కూర్చుని, కనబడకుండా చూసి, ఆయన కంటే ముందు ఇంటికొచ్చేస్తే ఏం పోయింది అనిపించింది. చెప్పులేసుకుని బయల్దేరాను. గుమ్మం దాకా వెళ్ళి సిగ్గేసి వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం. ఆ తచ్చాటలో ఆలస్యమైపోయింది. నేను మండపానికి చేరేసరికి దానియేలు గారు మైకులో ముందు చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పేసి వెళ్ళి కూర్చున్నాడట. ఆ నాలుగు మాటలూ నేను విననే లేదు. కొంప మునిగింది అక్కడే.

గుమ్మం దగ్గర ఒకావిడ నవ్వుతూ నా చేతిలో ఒక స్టీలు పళ్ళెం, ఒక గరిటె పెట్టింది. అబ్బో, టిఫిను కూడా పెడుతున్నారే అనుకున్నాను. చూస్తే లోపల అందరి ఒళ్ళోనూ పళ్ళేలే. పులిహోర అయితే గరిటెందుకు, పాయసం కూడా ఉందేమో అనుకుంటూ ఆఖరి వరసలో స్తంభం చాటున కూర్చుని, పళ్ళెం కొంగుతో శుభ్రంగా తుడిచి పెట్టుకున్నాను.

తెర లేచింది. రాజుగారు, రాణిగారు. భటుడొచ్చి గొంతు చించుకుని, మహామంత్రి గారు వేంచేస్తున్నారు అన్నాడు.

అంతే. మండపం కూలిపోయిందనుకున్నాను. పళ్ళేల మీద గరిటెల మోత, కాళ్ళతో నేల మీద దబదబా కొట్టడం, ఈలలు, ఊ ఊ అని అరుపులు. ఆ మోత మధ్యలో మా ఆయన స్టేజీ మీదకి వచ్చాడు. నల్ల అంగీ, తలపాగా, మీసం. ఇంకా నోరు కూడా తెరవలేదు పాపం.

ఆ తిరునాళ్ళలో కనీసం పద్యం మర్చిపోయాకే గోల చేశారు. ఇక్కడ మనిషి రావడమే తప్పయిపోయింది. మా ఆయన చెయ్యెత్తి, ఈ మంత్రి ముందు తల వంచనివాడు ఎవడురా అన్నాడు. మంత్రి అనే మాట ఇంకా ఆయన నోట్లో ఉండగానే మళ్ళీ పళ్ళేలు. ఆయన కత్తి మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. గడ్డం వణుకుతోంది. ఏడుపు ఆపుకుంటున్నాడు అనుకున్నాను.

పక్కకి చూశాను. మార్తమ్మ. పొద్దున్నే మా ఇంట్లో కరివేపాకు కోసుకెళ్ళిన మార్తమ్మ, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని మరీ పళ్ళెం వాయిస్తోంది. ఇంకా ముందుకి చూస్తే, మొదటి వరసలో తెల్ల గడ్డం పెద్దాయన. వేషం ఇచ్చిన మనిషే, అందరికంటే గట్టిగా కొడుతున్నాడు.

తర్వాత ఏమైందో నాకు సరిగ్గా గుర్తులేదండి. కాళ్ళే నన్ను తీసుకెళ్ళాయి. స్టేజీ ముందు నిలబడి ఉన్నాను. ఆపండి అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఇక గత్యంతరం లేక నా చేతిలో పళ్ళేన్ని గరిటెతో టంగుటంగుమని బాదాను. జనానికి ఎంత సంబరమో, నాతో కలిసి ఇంకా గట్టిగా బాదారు. చివరికి ఏదో తేడాగా ఉందని ఆపారు.

"ఆయన్ని ఒక్క ముక్కన్నా మాట్లాడనివ్వరా? ఇన్నాళ్ళూ తిండి మానేసి నేర్చుకున్నాడు. మీకు నచ్చకపోతే లేచి ఇంటికి వెళ్ళండి. మనిషిని పిలిచి, రంగు పూసి, పళ్ళేలు కొడతారా? నాకు మంత్రి వేషం ఇమ్మని ఆయన అడిగాడా..."

డబడబడబ. మళ్ళీ మోత.

"నవ్వులాటగా ఉందా? మంత్రి అయితే మాత్రం..."

డబడబడబ.

చూశారా, నన్ను కూడా వదల్లేదు. ఒళ్ళు మండిపోయింది. తిన్నగా దానియేలు గారి దగ్గరికి వెళ్ళి ఆయన చేతిలో గరిటె లాక్కున్నాను.

"పెద్దవారు మీరన్నా ఆపాలి కదండీ. పండిన గడ్డం పెట్టుకుని మీరే మొదలెడితే ఎలా" అన్నాను.

గరిటెలన్నీ ఆగిపోయాయి. కమిటీల వాళ్ళు కొందరు ఇదేదో మొగుడూ పెళ్ళాల గొడవలా ఉంది, మనకెందుకు అన్నట్టు లేచి నిలబడ్డారు. అప్పుడు స్టేజీ మీద నుంచి మహామంత్రి వంగి, మెల్లగా అన్నాడు.

"నాగమణీ, వాళ్ళు నన్ను మెచ్చుకుంటున్నారే."

నాకు అర్థం కాలేదు. దానియేలు గారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. నవ్వు వల్ల వచ్చిన నీళ్ళు. అయినా నా ముందు నవ్వలేదు, అది ఆయన మంచితనం.

"అమ్మా, ఇది మా పండగ నాటకం" అన్నారు. "ఆ మంత్రి మా జాతినంతా చంపాలని చూసినవాడు. అందుకని నాటకంలో మంత్రి అన్న మాట వినబడగానే మేం గోల చేస్తాం, వాడి ఊసు మా చెవిన పడకుండా. మా తాతల నుంచీ ఇంతే. ఆట మొదట్లోనే అందరికీ చెప్పి పళ్ళేలు ఇచ్చాం. వేషం ఎంత బాగా వేస్తే గోల అంత గట్టిగా ఉంటుంది. ఇన్నేళ్ళలో ఇంత గోల ఎవరికీ చేయలేదు తల్లీ, మీ ఆయనకి చేశాం."

భూమి చీలితే బాగుండును అనుకున్నాను. ఆయన గరిటె ఆయన చేతిలో పెట్టేసి, తల దించుకుని, నడిచానో పరిగెత్తానో, బయట చెప్పుల దగ్గరికి వచ్చి పడ్డాను. నా చెప్పులు ఏవో కూడా కనబడలేదు. ఒకటే గుబులు. తిరునాళ్ళలో ఆయన నోరు జనం మూశారు, ఈసారి నేనే మూశాను. వేషం మధ్యలో ఆగిపోయింది, కమిటీల వాళ్ళు లేచారు, ఇక ఆ మనిషిని ఎవరు పెట్టుకుంటారు?

అప్పుడు లోపల్నుంచి ఆయన గొంతు వినబడింది. మైకు లేకుండానే. ఈ మంత్రి ముందు తల వంచనివాడు ఎవడురా అని మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నాడు. మోత ఆగేదాకా ఆగి, ఒక్క మాట తడబడకుండా, ఆ పొడుగాటి డైలాగు చివరిదాకా చెప్పేశాడు. బస్టాండులో కుక్కల్ని లేపే గొంతే, కానీ ఇప్పుడు దాంట్లో నాకు కూడా భయమేసే దుర్మార్గం ఉంది. ఆఖర్న ఎవరో మంత్రి గారూ అన్నారు. మండపం దద్దరిల్లింది. నాకు తెలియకుండానే నేను కూడా పళ్ళేన్ని గేటుకేసి బాదుతున్నాను. వాచ్‌మన్ వచ్చి, గేటుకి పెయింటు పోతోందమ్మా అన్నాడు.

ఆట అయ్యాక ఆయన రంగు ముఖంతోనే బయటికొచ్చాడు. తిడతాడనుకున్నాను. పక్కన కూర్చుని, ఇన్నేళ్ళ నుంచీ వేషాలు కడితే నాకు రాని గోల, నువ్వు పౌడరు కూడా రాసుకోకుండా తెచ్చుకున్నావే అన్నాడు. ఆ కంఠంలో కాస్త కుళ్ళు కూడా ఉంది, నిజం చెప్పాలంటే.

మర్నాడు దానియేలు గారు ఇంటికొచ్చారు. నేను వంటింట్లో తలుపు చాటున నిలబడ్డాను. అడ్డం వచ్చి ఆట ఆగినా మళ్ళీ అందుకున్నవాడే అసలైన నటుడు అని, నాలుగు నాటకాల్లోనూ మా ఆయనకి వేషాలు ఖాయం చేశారు. పిసినారి దర్జీ కూడా ఆయనేనట. అత్తాకోడళ్ళ నాటకంలో పొలం ఆసామి వేషమట, చాలా మంచివాడట. టీ తాగి లేస్తూ ఆ పెద్దాయన తలుపు వైపు తిరిగారు.

"ఈసారి మీకు ముందే చెబుతున్నానమ్మా. ఆ నాటకంలో ఎవరూ పళ్ళేలు కొట్టరు, నిశ్శబ్దంగా వింటారు. నచ్చలేదేమో అని లేవకండి. ఇంకో సంగతి, ఆఖర్న ఆ ఆసామి, మొగుడు పోయిన ఆ కోడలు పిల్లని పెళ్ళి చేసుకుంటాడు. అది కూడా నాటకమే."

తలుపు చాటు నుంచే, అయ్యో, నాకు తెలియదా అండీ అన్నాను.

ఆయన గేటు దాటాక, ఆ కోడలి వేషం ఎవరు వేస్తున్నారండీ అని మాత్రం అడిగాను.